సముద్రంలో రాతిచెట్టు నాటినవాడు

సివిల్ ఇంజనీరు అనే మాట మన కాలేజీ కాంటీనులో రోజుకు పదిసార్లయినా వినబడుతుంది. ఫలానావాళ్ల అబ్బాయి సివిల్ ఇంజనీరు, మా బావగారు సివిల్ ఇంజనీరు అంటూ ఉంటాం గాని, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించం. పూర్వం ఐరోపాలో ఇంజనీరు అంటే సైన్యం మనిషి. కోటలు కట్టడం, కోటలు కూల్చడం, ఫిరంగులకు దారులు వెయ్యడం అతని పని. తనకు సైన్యంతో సంబంధం లేదని, మామూలు జనం వాడుకునే వంతెనలూ కాలువలూ రేవులూ కట్టేవాణ్ణని తెలిసేట్టు ఒకాయన తన పేరు పక్కన సివిల్ ఇంజనీరు అని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన జాన్ స్మీటన్. ఆయన కట్టినవి చాలా ఉన్నాయి. కాని లోకం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ఇంగ్లీషు చానల్లో, ఎడ్డీస్టోన్ అనే బండల మీద కట్టిన ఒక దీపస్తంభం వల్ల.

స్మీటన్ 1724 జూన్ 8న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, లీడ్స్ పట్నానికి దగ్గరున్న ఆస్తార్ప్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి వకీలు. ఇల్లు కలిగిన ఇల్లే. పిల్లవాడికి తోటిపిల్లలతో ఆటలకంటే వడ్రంగివాళ్ల దగ్గరా కమ్మరివాళ్ల దగ్గరా కూచోవడం ఇష్టం. వాళ్లు పని చేస్తూంటే ప్రశ్నలేసి విసిగించేవాడట. గాలిమర బొమ్మ చేసి కొట్టం కప్పు మీదికెక్కి బిగిస్తూ ఇంట్లోవాళ్లకు పట్టుబడ్డాడనీ, దగ్గర్లోని బొగ్గుగనిలో నీళ్లు తోడే ఆవిరియంత్రం బిగిస్తూంటే చూసొచ్చి దాని నమూనా ఒకటి చేసి, తండ్రిగారి చేపలకుంట కాస్తా తోడిపారేశాడనీ చెబుతారు. చేపల సంగతి ఏమైందో ఊహించుకోవచ్చు.

తండ్రికి మాత్రం కొడుకు తన వృత్తిలోకే రావాలని ఉండేది. లీడ్సులో బడి చదువు అయ్యాక 1742లో లా చదవమని లండను పంపాడు. కుర్రవాడు వెళ్లాడు, కొన్నాళ్లు ప్రయత్నించాడు, ఇది నావల్ల కాదని తండ్రికి వివరంగా ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో వకీలు కొడుకు చేతిపనివాడు కావడమంటే ఒక మెట్టు దిగినట్టే లెక్క. అయినా ఆ తండ్రి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, కొడుకు తన కాళ్లమీద తాను నిలబడేదాకా డబ్బు కూడా పంపాడు. ఈ తండ్రిని గురించి పుస్తకాలు రెండు వాక్యాలకు మించి రాయవు. నాకు మాత్రం ఆయన ఆ ఉత్తరం చదువుకున్న రాత్రి ఎలా గడిపి ఉంటాడా అనిపిస్తుంది. మా వైపు ఇళ్లల్లో పిల్లవాడు కాలేజీలో చేరాడంటే ఇక వాడు మట్టి ముట్టనక్కర్లేదు, చెయ్యి నల్లబడనక్కర్లేదు అని సంబరం. చదివించినవాడు తిరిగొచ్చి కొలిమి దగ్గర కూచుంటానంటే ఊరుకునే తండ్రులు మనలో ఎందరున్నారు?

స్మీటన్ లండనులో శాస్త్ర పరికరాలు చేసే దుకాణం పెట్టాడు. నావికుల దిక్సూచిని బాగుచేశాడు, గాలి తోడే పంపును మెరుగుపరిచాడు. చేసినదాన్నల్లా కొలిచి, రాసి, రాయల్ సొసైటీలో చదివేవాడు. ముప్పై ఏళ్లు నిండకుండానే, 1753లో, ఆ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ రోజుల్లోనే నీటిచక్రాల మీద ఆయన చేసిన ప్రయోగాలు మన ఫిజిక్సు ల్యాబుల్లో ఈనాటికీ చేసి చూడదగినవి. రెండడుగుల నమూనా చక్రం ఒకటి చేసి, కింద పారే నీరు రెక్కలకు తగిలి తిరిగినప్పుడు ఎంత బరువు ఎత్తుతుంది, పైనుంచి తొట్లలోకి నీరు పడి ఆ బరువుతో తిరిగినప్పుడు ఎంత ఎత్తుతుంది అని ఓపిగ్గా కొలిచాడు. పైనుంచి పడే నీటితో తిరిగే చక్రం దాదాపు రెట్టింపు పని చేస్తుందని తేలింది. ప్రవాహం వచ్చి రెక్కను గుద్దుకున్నప్పుడు దాని శక్తి చాలా భాగం సుడులు తిరగడానికీ నురగ కక్కడానికీ ఖర్చైపోతుంది. నీటి బరువు మెల్లగా దిగుతూ చేసే పనిలో ఆ దుబారా లేదు. 1759లో అచ్చయిన ఈ వ్యాసానికి కోప్లీ పతకం ఇచ్చారు. అదే సంవత్సరం దీపస్తంభమూ పూర్తయింది.

ఇక ఆ బండల సంగతి. ఇంగ్లండు నైరుతి మూలన ప్లిమత్ అనే పెద్ద రేవు ఉంది. దానికి పద్నాలుగు మైళ్ల దూరంలో నడిసముద్రంలో ఎడ్డీస్టోన్ బండలు ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు చాలావరకు మునిగిపోతాయి. ఆటుకు ఎర్రటి రాతివీపులు కాస్త పైకి తేలతాయి. అట్లాంటిక్ సముద్రం నుంచి వచ్చే అలకు అడ్డం ఏమీ లేదు, అంత దూరం పరుగెత్తుకొచ్చిన అల మొదట గుద్దుకునేది వీటినే. ప్లిమత్ చేరవలసిన ఓడలు, చేరబోతున్నామన్న ధీమాతో వచ్చి, ఎన్నో అక్కడ ముక్కలయ్యాయి.

అక్కడ మొదట దీపం పెట్టినవాడు హెన్రీ విన్‌స్టాన్లీ. చిత్రకారుడు, వింత యంత్రాలతో వినోదశాల నడిపిన మనిషి. ఓడల్లో డబ్బు పెట్టి, ఆ బండల మీద ఓడలు పోగొట్టుకుని, ఆ కసితో పని మొదలెట్టాడు. మధ్యలో 1697లో ఫ్రెంచివాళ్లు ఆయన్ను పట్టుకుపోతే, దీపం అందరికీ పనికొచ్చేదే గదా అని వాళ్ల రాజు పద్నాలుగో లూయీ విడిచిపెట్టించాడు. 1698 నవంబరులో దీపం వెలిగింది. చూడ్డానికి అది దీపస్తంభంలా లేదు, తిరునాళ్ల ప్రభలా ఉండేది. వసారాలు, కొక్కేలు, చెక్కడాలు, జెండాకొయ్యలు. తాను కట్టినదాని మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, ఎంత పెద్ద తుపానైనా రానీ ఆ రాత్రి నేను అందులోనే ఉండాలని కోరుకునేవాడట. 1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లండు చరిత్రలోకెల్లా పెద్ద తుపాను వచ్చింది. ఆయన అందులోనే ఉన్నాడు. తెల్లారేసరికి మనిషీ లేడు, స్తంభమూ లేదు.

రెండోది కట్టినవాడు జాన్ రడ్యర్డ్. ఈయనా ఇంజనీరు కాడు, పట్టుబట్టల వర్తకుడు. కాని తెలివైన కట్టడం కట్టాడు. ఓడ కట్టే పద్ధతిలో చెక్కలతో నున్నగా, కోసుగా, అలకు పట్టు దొరకకుండా చేసి, లోపల బరువుకు రాళ్లు నింపాడు. 1708లో దీపం పెట్టారు. అది నలభై ఏడేళ్లు సముద్రాన్ని తట్టుకుంది. చివరికి దాన్ని మింగింది నీరు కాదు, నిప్పు. 1755 డిసెంబరు 2న దీపపుగది పైకప్పు అంటుకుంది. హెన్రీ హాల్ అనే ముసలి కాపలాదారు, వయసు తొంభైనాలుగని చెబుతారు, కింద నుంచి బక్కెట్టుతో నీళ్లు విసురుతూంటే పైకప్పు సీసం కరిగి నోట్లో పడింది. కడుపులోకి సీసం పోయిందని ఆయన అంటే ఎవరూ నమ్మలేదు. పన్నెండో రోజున చనిపోయాక వైద్యుడు కోసి చూస్తే ఏడు ఔన్సుల పైచిలుకు సీసం బిళ్ల బయటపడింది. వైద్యుడు ఆ సంగతి రాయల్ సొసైటీకి రాస్తే వాళ్లూ ముందు నమ్మలేదు. ఆ బిళ్ల ఇప్పటికీ ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది.

ఇప్పుడు ఎవరితో కట్టించాలి? దీపస్తంభం హక్కుదార్లు రాయల్ సొసైటీ అధ్యక్షుణ్ణి సలహా అడిగారు. ఆయన స్మీటన్ పేరు చెప్పాడు. అప్పటికి స్మీటన్ వయసు ముప్పైరెండు కూడా లేదు. సముద్రంలో గాని బయట గాని చెప్పుకోదగ్గ పెద్ద కట్టడం ఒక్కటీ కట్టలేదు. ఒక పరికరాలు చేసేవాడి చేతిలో ఇంత పని పెట్టడం ఆనాటివాళ్లు చేసిన సాహసమే అనాలి.

స్మీటన్ మొదటి మాటే అందరికీ ఎదురుగా చెప్పాడు. ఈసారి రాతితో కడతానన్నాడు. తెలిసినవాళ్లంతా చెక్కే మేలన్నారు. చెక్క కాస్త ఊగుతుంది, అలకు లొంగి బతుకుతుంది, రాయి మొండికేసి విరుగుతుంది అని వాళ్ల వాదం. కోస్తా తుపాన్లు చూసిన మనకు ఈ వాదం కొత్తగాదు. కొబ్బరిచెట్టు వంగి బతుకుతుంది. కాని పక్కనే చింతచెట్టు వంగకుండానూ బతుకుతుంది. మొదలు లావుగా, బరువుగా, వేళ్లు నేలను పట్టుకుని ఉంటే వంగాల్సిన పని లేదు. సరిగ్గా ఇదే ఆలోచన స్మీటన్‌కు తన దేశపు ఓక్ చెట్టును చూసి వచ్చింది. నేల దగ్గర వెడల్పుగా పరుచుకుని, లోపలికి వంపు తిరిగి, సన్నబడుతూ పైకి పోయే మాను. బరువంతా కిందనే ఉంటే గురుత్వకేంద్రం కిందికి దిగుతుంది. ఎత్తు 72 అడుగులు, మొదట్లో వ్యాసం 26 అడుగులు, పైన 17. కింది సగంలో గదులేమీ లేవు, అంతా గట్టి రాయే.

1756 ఏప్రిల్లో మొదటిసారి బండ దగ్గరికి వెళ్తే అల దిగనివ్వలేదు. మళ్లీ వెళ్లి దిగాడు. ఆ ఆగస్టులో పని మొదలైంది. కార్న్‌వాల్ తగరపు గనుల కూలీలు, రాతిపనివాళ్లు రెండు జట్లు. ఒక జట్టు వారం బండ మీద, రెండోది ఒడ్డున మిల్‌బే పనిశాలలో. మళ్లీ మారతారు. అప్పుడే ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది, నౌకాదళంవాళ్లు దారిన పోయే కూలివాణ్ణి బలవంతంగా పట్టుకుపోయి ఓడెక్కించే రోజులు. అందుకని స్మీటన్ తన మనుషులకు వెండి బిళ్లలు చేయించి ఇచ్చాడు. అది చూపిస్తే పట్టుకోరు. ఆటు సమయంలో, అదీ సముద్రం చల్లగా ఉంటేనే, కొన్ని గంటలు పని సాగేది. మూడేళ్లపైన సాగిన పనిలో బండ మీద నిజంగా పని జరిగిన కాలమంతా కూడితే దాదాపు 111 రోజులు. అంటే మన కాలేజీలో ఒక టర్ము.

బండ వాలుగా ఉంది. వాలు మీద కడితే జారుతుంది. కాబట్టి బండనే మెట్లు మెట్లుగా చెక్కి, ఆ మెట్లలో గాళ్లు కొట్టించాడు. 1757 జూన్ 12న మొదటి రాయి దించారు, రెండు టన్నుల పైచిలుకు. మొదటి వరసలో ఉన్నవి నాలుగే నాలుగు రాళ్లు. బండ పల్లపు మూల అంత చిన్నది మరి. ఆరు వరసలు పేరిస్తే గాని బండ ఎత్తుకు సమంగా రాలేదు. ఒక్కో రాయినీ పక్కరాయిలో ఇరికేట్టు చెక్కారు. రాయి కొస వెడల్పుగా, మెడ ఇరుకుగా ఉంటుంది. పైనుంచి దించితే గాడిలో కూచుంటుంది గాని పక్కకు లాగితే రాదు. వడ్రంగులు దీన్ని డవ్‌టెయిల్ అంటారు, అంటే గువ్వతోక. వరసకూ వరసకూ మధ్య చలవరాతి దిమ్మలు గుచ్చి, పై వరస పక్కకు జరగకుండా చేశాడు. సున్నం ఆరేలోపు అల లాక్కుపోకుండా ఓక్ కొయ్య మేకులు, చీలలు బిగించాడు. అలా 1,493 రాళ్లు. పైకి కనబడేది కార్న్‌వాల్ గ్రానైటు, లోపల పోర్ట్‌లాండ్ రాయి. ప్రతి వరసనూ ముందు ఒడ్డున పేర్చి చూసి, సరిపోతేనే పడవకెక్కించారు. బండ మీదికి పోయాక చెక్కుకుందామంటే కుదిరే పని కాదు గదా.

పైన నాలుగు గదులు ఉన్నాయి. గదుల కప్పులు రాతి విల్లు పద్ధతిలో కట్టినవి గనక గోడల్ని బయటికి తోస్తాయి. ఆ తోపుడుకు విరుగుడుగా గోడ చుట్టూ గాడి తీసి, ఇనుప గొలుసు పెట్టి, కరిగిన సీసం పోశాడు. ఎడ్లబండి చక్రం ఎలా కడతారో చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పూటీలు ఒకదానిలో ఒకటి కూచోబెట్టి, బయటికి విచ్చుకోకుండా చుట్టూ ఇనుప పట్టా ఎక్కిస్తారు. మా ఊరి వడ్రంగికి స్మీటన్ ఎవరో తెలియదు, స్మీటన్‌కు మా వడ్రంగి తెలియడు, ఇద్దరికీ లెక్క మాత్రం ఒకటే.

ఇంతకంటే పెద్ద చిక్కు సున్నం. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుని మెల్లమెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారి గట్టిపడుతుంది. నీళ్లలో దానికి గాలి ఏది? గట్టిపడకుండానే కరిగిపోతుంది. పూర్వం రోమనులు అగ్నిపర్వతపు బూడిదమట్టి కలిపి నీళ్లలో గట్టిపడే సున్నం చేసేవారు. ఆ మట్టి పేరు పొజ్జొలానా. ఇంగ్లండులోనే దొరికే సున్నాల్లో ఏది నీళ్లలో నిలుస్తుందో చూద్దామని స్మీటన్ రకరకాల సున్నపురాళ్లు తెప్పించాడు. ప్లిమతులో ఆయన బస విలియం కుక్‌వర్తీ అనే మందుల వర్తకుని ఇంట్లో. కుక్‌వర్తీ మంచి రసాయన శాస్త్రవేత్త కూడాను. సున్నాన్ని రెండంగుళాల ఉండలు చేసి, కాస్త ఆరగానే నీళ్లలో వేసి, ఏది గట్టిపడుతుందో ఏది విచ్చిపోతుందో రాసుకున్నాడు. వేల్సులోని అబర్తా అనే చోటి రాయి సున్నం నిలిచింది. ఎందుకు? అంతదాకా అందరి నమ్మకం గట్టి రాయినుంచి గట్టి సున్నం వస్తుందని. అబర్తా రాయి అంత గట్టిదేమీ కాదు. కుక్‌వర్తీ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో రాతిపొడిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి చూశాడు. సున్నం కరిగిపోయి అడుగున బురద మిగిలింది. ఆ బురద ఎండబెట్టి కాలిస్తే ఇటుకైంది. అది బంకమట్టి! నీళ్లలో నిలిచే ప్రతి సున్నపురాయిలోనూ మట్టి ఉంది, మట్టి లేని తెల్లటి శుద్ధమైన రాయి సున్నం నీళ్లలో నిలవడం లేదు. మాలిన్యం అనుకున్నదే బలమైంది. మట్టిలోని సిలికా, అల్యూమినా కాలినప్పుడు సున్నంతో కలిసి, నీరు తగలగానే గట్టిపడే సమ్మేళనాలు అవుతాయని తరవాతి కాలపు కెమిస్ట్రీ చెప్పింది. స్మీటన్‌కు ఆ సమీకరణాలు తెలియవు, తెలిసే కాలమూ కాదది.

అబర్తా సున్నానికి సమంగా పొజ్జొలానా కలిపి వాడాడు. ఆ పొజ్జొలానా దొరికిన వైనమూ తమాషాగా ఉంటుంది. లండనులో వెస్ట్‌మినిస్టర్ వంతెనకు అమ్ముకోవచ్చని ప్లిమత్ వర్తకుడొకడు ఇటలీనుంచి తెప్పించి, వాళ్లు కొనకపోతే కొట్లో పడేసి కూచున్నాడు. మన పెద్దలు గానుగసున్నంలో ఇటుకపొడి కలిపేవారు. కాల్చిన మట్టి పొడి సున్నంతో చేసే పనీ ఇదే పని. స్మీటన్ గమనించిన ఈ మట్టి రహస్యాన్ని పట్టుకునే తరవాతివాళ్లు మట్టీ సున్నపురాయీ కలిపి కాల్చడం మొదలెట్టారు. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయనదీ లీడ్స్ పట్నమే కావడం విశేషం.

1759 అక్టోబరు 16 రాత్రి దీపం వెలిగింది. దీపమంటే ఏమనుకున్నారు, ఇరవైనాలుగు కొవ్వొత్తులు! ఇంత గట్టి స్తంభం కట్టి దాని నెత్తిన కొవ్వొత్తులా అని నవ్వొస్తుంది గాని, అప్పటికి అంతకంటే మంచి దీపం చేతిలో లేదు. అరగంటకోసారి గంట కొట్టే గడియారం ఒకటి పెట్టాడు. గంట కొట్టగానే కాపలావాడు లేచి వత్తులు కత్తిరించాలి. తరవాతి కాలంలో, 1810లో నూనెదీపాలూ అద్దపు రిఫ్లెక్టర్లూ వచ్చాయి, ఆపైన ఫ్రెనెల్ కటకాలు వచ్చాయి. పనిలో ఒక్క ప్రాణమూ పోలేదు, ఒక్కరికి కాలో చెయ్యో పోలేదు. ఆ బండల చరిత్ర తెలిసినవాళ్లకు కట్టడం కంటే ఇదే పెద్ద వింత.

మొదటి చలికాలం తుపానుల తరవాత స్మీటన్ తెల్లారగట్ల ప్లిమత్ గట్టెక్కి దుర్బిణీతో చూసేవాడని చెబుతారు. ఎగిసిన నురగ పడిపోయేదాకా స్తంభం కనబడదు. తరవాత కనబడుతుంది. 1762 జనవరిలో వచ్చిన పెద్ద తుపానుకు ప్లిమత్ రేవులో ఓడలూ కట్టడాలూ ఎంతో నష్టపోయాయి గాని స్తంభానికి చెప్పుకోదగ్గ దెబ్బ ఏమీ తగల్లేదు. ఆ తరవాత రాయి నిలవదన్న మాట మళ్లీ వినపడలేదు.

ఇక్కణ్ణుంచి ఆయన జీవితం పనుల పట్టికలా ఉంటుంది, అందుకని త్వరగా చెబుతాను. కోల్డ్‌స్ట్రీమ్, పెర్త్ వంతెనలు, స్కాట్లండును అడ్డంగా కోసిన ఫోర్త్-క్లైడ్ కాలువ, రామ్స్‌గేట్ రేవు, ఎన్నో మిల్లులు, గనుల ఆవిరియంత్రాలు. 1771లో తోటి ఇంజనీర్లను కూడగట్టి లండనులో ఒక సంఘం పెట్టడంలో ముందున్నాడు. ఆ సంఘం ఆయన పేరుతోనే ఈనాటికీ నడుస్తోంది. గాలి వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధం మీద ఒక మిత్రుడు ఇచ్చిన పట్టికను తన వ్యాసంలో అచ్చువేశాడు. అందులోంచి వచ్చిన గుణకానికి స్మీటన్ పేరే స్థిరపడింది. నూట నలభై ఏళ్ల తరవాత రైట్ సోదరులు విమానం రెక్కల లెక్కల్లో దాన్నే వాడి, లేవవలసినంత లేవడం లేదేమిటా అని తలబద్దలు కొట్టుకుని, తామే కొలిచి ఆ సంఖ్య ఎక్కువగా ఉందని తేల్చారు. అంత కొలతల మనిషి పేరుమీద ఒక తప్పుకొలత అన్నాళ్లు బతకడం చిత్రమే.

ఆయన కట్టింది కూలిన సందర్భమూ ఉంది. టైన్ నది మీద హెక్సమ్ దగ్గర తొమ్మిది ఆర్చీల వంతెన కట్టాడు. 1782 మార్చిలో వరదొచ్చి ఆ వంతెనను తీసుకుపోయింది. రాళ్లు విరగలేదు, సున్నం ఊడలేదు. స్తంభాల కింద నది అడుగున ఉన్న గులకను వరద కోసుకుపోయింది, కింద పట్టు పోయేసరికి పైనున్నది కూర్చుండిపోయింది. ఏటిగట్టున పొలం ఉన్నవాడికి ఈ సంగతి బాగా తెలుసు. గట్టు పైనుంచి తెగదు, కింద తొలిచి తెగుతుంది. ఇన్నేళ్ల పేరూ పోయిందని స్మీటన్ చాలా కుమిలిపోయాడు.

ఇంటి దగ్గర ఆస్తార్పులో నాలుగంతస్తుల పనిగూడు ఒకటి కట్టుకున్నాడు. కింద కొలిమి, పైన లేతు, ఆపైన నమూనాలు, అన్నిటికంటే పైన చదువుకునే గది. గదిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవకూడదు. చలికాలం అంతా అక్కడ బొమ్మలు గీసుకుని, వేసవిలో పనులమీద తిరిగేవాడు. భార్య ఆన్ 1784లో పోయింది. ఇద్దరు కూతుళ్లు ఉండేవారు. దీపస్తంభం కట్టిన కథ రాయడం మొదలుపెట్టి, కట్టడానికి పట్టిన కాలంకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం తీసుకున్నాడు. ఆ పుస్తకం 1791లో గాని రాలేదు. మరుసటేడు సెప్టెంబరులో తోటలో నడుస్తూండగా పక్షవాతం వచ్చింది. 1792 అక్టోబరు 28న తాను పుట్టిన ఊళ్లోనే చనిపోయాడు. విట్‌కర్క్ చర్చిలో సమాధి ఉంది.

ఆయన పోయాక రాబర్ట్ స్టీవెన్సన్ స్కాట్లండు తీరాన, పోటుకు పూర్తిగా మునిగిపోయే బెల్‌రాక్ బండ మీద దీపస్తంభం కట్టినప్పుడు స్మీటన్ పుస్తకమే ముందు పెట్టుకున్నాడు. 1811లో వెలిగిన ఆ స్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. ఎడ్డీస్టోన్ మాత్రం 1870ల నాటికి అల కొట్టినప్పుడల్లా వణకసాగింది. వెతికి చూస్తే లోపం స్తంభంలో లేదు. అది నిలబడ్డ బండను సముద్రం కింద నుంచి తొలిచేసింది. హెక్సమ్‌లో అయిదేళ్లు పట్టని పనికి ఇక్కడ నూరేళ్లు పట్టింది.

జేమ్స్ డగ్లస్ పక్క బండ మీద కొత్తది కట్టాడు. 1882లో వెలిగింది, ఎత్తు 161 అడుగులు. స్మీటన్ వంపులో ఒక ఇబ్బంది ఉండేది. అల ఆ వంపు పట్టుకుని పైకి పాకి దీపపుగదిని కొట్టేది. డగ్లస్ అందుకని మొదట్లో 44 అడుగుల వ్యాసంతో నిట్టనిలువు దిమ్మ కట్టి, అల అక్కడే విరిగేట్టు చేశాడు. రాళ్లను ఒకదాన్నొకటి పట్టించే పద్ధతి మాత్రం స్మీటన్‌దే.

పాత స్తంభాన్ని ఏంచెయ్యాలి? ప్లిమత్ జనం చందాలు వేసుకుని, పై గదులున్న భాగాన్ని రాయి రాయిగా ఊడదీయించి, ఊరి గట్టు మీద మళ్లీ కట్టించారు. 1884 నుంచి అది అక్కడే ఉంది, ఎవరైనా ఎక్కి చూడవచ్చు. కింది గట్టిరాయి భాగాన్ని ఊడదీయలేదు. 1982లో కొత్త స్తంభంలోని కాపలావాళ్లు దిగిపోయారు. దీపం దానంతటదే వెలిగేట్టు చేసి నెత్తిన హెలికాప్టరు దిగే తిన్నె బిగించారు. దాని పక్కనే, తొలిచిన బండ మీద, తలలేని ఆ రాతిమొద్దు ఇంకా ఉంది. పోటుకూ ఆటుకూ అలలు దాన్ని కొడుతూనే ఉన్నాయి.